పొయ్యి పక్క ఆఖరి బెంచీ

ఆదివారం ప్రార్థనకి అందరికంటే ముందు వచ్చేది ఆక్సేనియా. అందరికంటే వెనక కూర్చునేదీ ఆమే. ఎనిమిదింటికల్లా మందిరం తాళం తీసి, ఇటుకల పొయ్యిలో వారం నాటి బూడిద గీకి, మొక్కజొన్న కండెలు పేర్చి నిప్పు రాజేస్తుంది. కండెలు అందుకున్నాక రెండు తుమ్మ మొద్దులు వేస్తుంది. పదింటికి జనం వచ్చేసరికి గది వెచ్చగా ఉంటుంది. ముసలివాళ్ళ కోటులు తనే అందుకుని మేకులకి తగిలించి, వెళ్ళి పొయ్యి పక్కనున్న ఆఖరి బెంచీ మీద ఒక్కతే కూర్చుంటుంది.

నెలకోసారి ప్రభువు బల్ల రోజున రొట్టె పళ్ళెం ముందు నుంచి వెనక్కి చేతులు మారుతూ వస్తుంది. ఆమెకి ముందున్న బెంచీ దాకా వచ్చి, అక్కణ్ణించి వెనక్కి తిరుగుతుంది. ఆ కాసేపూ ఆమె తన చేతుల వైపు చూసుకుంటుంది.

ఆమెను అక్కడ ఎవరూ కట్టేసి కూర్చోబెట్టలేదు. లేచి నిలబడి, "నేను చేసింది తప్పు, క్షమించండి" అంటే చాలు, ఆ రోజే పళ్ళెం ఆమె చేతికొస్తుంది. నాలుగేళ్ళయింది. ఆ మాట ఆమె నోటికి రావడం లేదు.

మోల్దోవా ఉత్తరాన ఉన్న రెడేని ఊళ్ళో పుట్టింది ఆక్సేనియా. చిన్నప్పటి నుంచీ ఉమ్మడి పొలాల్లో చక్కెరదుంపలు తవ్విన చేతులు ఆమెవి. ఇరవయ్యేళ్ళకి త్రోఫిమ్‌ని చేసుకుంది. అతను బావులు తవ్వేవాడు. సగం జీవితం తడిమట్టిలో నడుం దాకా దిగి ఉన్నవాడు కాబట్టి, దగ్గు అతనికి చుట్టంలా ఉండిపోయింది. మాట మాత్రం తేలికైనది. శ్మశానంలో గోతులు తవ్వే మనిషి ఎదురైతే, "నేను తవ్విన గుంటలోంచి నీళ్ళొస్తాయిరా. నువ్వు తవ్విన గుంటలోంచి ఎవడైనా వచ్చాడా?" అని నవ్వేవాడు.

వాళ్ళకి ఒక్కతే కూతురు, ల్యూబా. తొమ్మిదేళ్ళప్పుడు, మార్చి నెలలో, తలనొప్పి అని పడుకుంది. మూడో రోజుకి లేదు. జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళే బండి ఊరి బురదలో దిగబడిపోయింది. త్రోఫిమ్ ఓక్ చెక్కతో తనే సిలువ చేసి నీలంరంగు వేశాడు. తర్వాత ట్రాక్టర్ల షెడ్డు నుంచి ఇనుప గొట్టాలు తెచ్చి, సమాధి చుట్టూ కటకటాలు కట్టాడు. చిన్నపిల్లకి అంత పెద్ద కంచె చూసి పక్కింటి తెక్లా అడిగింది.

"ఇంత పెద్దదెందుకన్నా?"

"ఇంట్లో ఎంతమందిమి ఉన్నామో, అంతే కొలిచాను" అన్నాడు త్రోఫిమ్.

ఈస్టర్ దాటిన వారానికి ఊరంతా సమాధుల దగ్గర తెల్లగుడ్డలు పరిచి, తినీ తాగీ, పోయినవాళ్ళ పేరున రొట్టెలు పంచుకుంటారు. ఆ రోజున త్రోఫిమ్ పిల్ల పక్కన ఖాళీ స్థలంలో వెల్లకిలా పడుకుని ఆకాశం చూసేవాడు. "సరిపోయింది, కాళ్ళు తగలడం లేదు" అనేవాడు. ఆక్సేనియా మూతి తిప్పుకునేది గానీ, అతని తలకింద తన శాలువా మడిచి పెట్టేది.

కాలం మారి సరిహద్దులు తెరిచాక, బయటిదేశాల సువార్తికులు వచ్చి క్లబ్బు పక్క మైదానంలో గుడారం వేశారు. ఆక్సేనియా పాట వినడానికి వెళ్ళింది. ఆ రోజు వాళ్ళు చదివి వినిపించింది, చనిపోయిన పన్నెండేళ్ళ పిల్లను ప్రభువు చెయ్యి పట్టుకుని లేపిన సంగతి. లేపాక, ఆ పిల్లకి తినడానికేమైనా పెట్టమన్నాడట. ఆ చివరి మాట దగ్గర ఆక్సేనియా నిలువునా ఏడ్చేసింది. ల్యూబా ఆ మూడు రోజులూ ఏమీ తినలేదు.

అలా ఆమె రెడేనిలో మొట్టమొదటి 'మారుమనసు మనిషి' అయింది. ఊరివాళ్ళు పెట్టిన పేరది.

"ఏమే, మనసు మారిందంటగా?" అని తెక్లా కంచె మీంచి అడిగింది. "వంట కూడా మారిందా, అదే మొక్కజొన్న ముద్దా?"

"అదే ముద్ద. ఇంద, వేడిగా ఉంది తిను."

"మీ దేవుడి ముద్ద నాకొద్దు" అంటూనే గిన్నె అందుకుంది తెక్లా.

కానీ అందరూ తెక్లాలా నవ్వేసి ఊరుకోలేదు. "మన అమ్మానాన్నలు ఇప్పించిన బాప్తిస్మం ఎంగిలయిపోయిందా దీనికి, మళ్ళీ మునగడానికి?" అని మొహం మీదే అన్నవాళ్ళున్నారు. ఊరి పాత చర్చిలో ల్యూబాకి బాప్తిస్మం ఇచ్చినదీ, మట్టి చేసినదీ ఫాదర్ నికిఫోర్. ఆయన ఏమీ అనలేదు. దారిలో ఎదురైతే టోపీ కాస్త ఎత్తి తల దించుకుని వెళ్ళిపోయేవాడు. ఆ దించుకోవడం ఆక్సేనియాకి తిట్టు కన్నా ఎక్కువ తగిలేది.

సంఘం మెల్లగా ఇరవైముగ్గురయింది. ఒకప్పుడు బడి బస్సు తోలిన ఇలారియోన్ దానికి పాస్టరు, వాళ్ళ మాటలో కాపరి. అమెరికాలో ఒక సంఘం వీళ్ళని సోదర సంఘంగా చేపట్టింది. ప్రార్థనమందిరం పైకప్పు వాళ్ళే వచ్చి నిచ్చెనలెక్కి వేశారు. ఏటా పదిమంది వచ్చి రెండు వారాలుంటారు. వాళ్ళ కాపరి డ్వైట్ పెద్ద శరీరం మనిషి. పాడితే కిటికీలు అదిరేవి. వచ్చిన మొదటి ఉదయమే ఆక్సేనియా బావి నుంచి బకెట్లు మోయడం చూసి, భాష రాని మనిషి, సైగతోనే లాక్కుని మోశాడు. అప్పటి నుంచి ఉన్నన్నాళ్ళూ ఆ రెండు బకెట్లూ ఆయనవే. ఆమె వండిన క్యాబేజీ చుట్టలు కడుపు నిండినా మూడోసారి పెట్టించుకునేవాడు, ఆమె మొహం చూసి.

వాళ్ళు బాప్తిస్మం తీసుకున్నవాళ్ళకి జిల్లా పట్నం నుంచి గులాబీలు తెచ్చి ఇచ్చేవారు. ఒక్కొక్కరికి పన్నెండు. వాళ్ళ దేశంలో అది నిండు లెక్క. ఇక్కడ బతికున్నవాళ్ళకి బేసి పూలు, పోయినవాళ్ళకి సరి పూలు. ఎవరూ వాళ్ళకి చెప్పలేదు. ప్రేమగా తెచ్చినవాళ్ళతో ఎలా చెబుతారు? ఆక్సేనియా మాత్రం వంటింట్లో ఎవరూ చూడకుండా ఒక్కో కట్టలోంచి ఒక్కో పువ్వు లాగేసేది. ఆమెకి ఆ నమ్మకాలు లేవు. బాప్తిస్మాలప్పుడు చెరువు ఒడ్డున నిలబడి చూసే ఇరుగుపొరుగు నొచ్చుకుంటారని లాగేది, అంతే.

త్రోఫిమ్ పదమూడేళ్ళు భార్యని మందిరం గుమ్మం దాకా దింపి, బయట బల్ల మీద పొద్దుతిరుగుడు గింజలు నములుతూ కూర్చున్నాడు.

"లోపలికొస్తే ఏం పోతుందయ్యా?"

"నా చెవులు పెద్దవేలే. ఇక్కడికే వినిపిస్తోంది."

పద్నాలుగో ఏడు మట్టలాదివారం నాడు గింజల పొట్లం మడిచి జేబులో పెట్టుకుని లోపలికి వచ్చాడు. ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు. జూన్‌లో తనే ఇలారియోన్ దగ్గరికెళ్ళి బాప్తిస్మం అడిగాడు. ఆ సాయంత్రం అలికిన అరుగు మీద కూర్చుని భార్యతో అన్నాడు.

"ఒక్కటే భయం నాకు. మునిగానంటే, నన్ను ల్యూబా పక్కన పెట్టనివ్వరు."

"ఎవరు పెట్టనివ్వరు? శ్మశానం పంచాయతీది. ఇలారియోన్ అయ్యగారు చట్టం చూశారు."

"చట్టం గొయ్యి తవ్వుతుందా?"

"నేనున్నాగా. నిన్ను అక్కడే పెట్టిస్తాను. మాట."

"మాటేనా?"

"ముందు నేను పోతే మాత్రం నువ్వే చూసుకోవాలి" అని నవ్వింది. అతనూ నవ్వి దగ్గాడు. ఆ ఏడు దగ్గు వేసవిలో కూడా తగ్గలేదు.

ఆగస్టు రెండో ఆదివారం చెరువులో బాప్తిస్మాలు అనుకున్నారు. నీళ్ళు అప్పుడు గోరువెచ్చగా ఉంటాయి. జూలై చివర సోదర సంఘం నుంచి ఉత్తరం వచ్చింది: ఈసారి వేసవిలో రావడం కుదరలేదు, అక్టోబరులో వస్తున్నాం, బాప్తిస్మం కళ్ళారా చూడాలని మా వాళ్ళందరికీ ఆశగా ఉంది, వీడియో తీసుకెళ్ళి ఇక్కడ చూపిస్తాం, అని. ఇలారియోన్ ఆ ఉత్తరం సంఘంలో చదివాడు. అందరూ పైకప్పు వైపు చూశారు.

"అక్టోబరుకే పెట్టుకుందాం" అన్నాడు ఇలారియోన్. "సముద్రాలు దాటి వస్తామంటున్నారు. చుట్టాలొచ్చేలోపు పెళ్ళి కానిచ్చేస్తామా?"

"చలిగా ఉంటుందేమో అయ్యగారూ" అంది ఆక్సేనియా, సగం గొంతుతో.

"చలికి నేను భయపడతానా? బావుల్లో జనవరి చలి చూసినవాణ్ణి" అన్నాడు త్రోఫిమ్. వస్తామంటున్న అతిథులకి అడ్డంగా మొగుడి దగ్గు సంగతి ఎత్తడం ఆమెకి మర్యాదగా తోచలేదు. ఊరుకుంది. ఆ ఊరుకోవడాన్ని ఆమె తర్వాత ఎన్నోసార్లు తలుచుకుంది.

అక్టోబరు పదహారున గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుంది. నలుగురు మునిగారు. త్రోఫిమ్ ఆఖరివాడు. ఆక్సేనియా దుప్పటి, తువ్వాలు పట్టుకుని ఒడ్డునే నిలబడి ఉండటంతో ఆ రోజు పూలకట్టల సంగతి మరిచిపోయింది. అతను నీళ్ళలోంచి వస్తుంటే మొహంలో ఏదో వెలుగు. పళ్ళు మాత్రం టకటకా కొట్టుకుంటున్నాయి. డ్వైట్ తన సొంత కోటు విప్పి అతని చుట్టూ చుట్టి గుండెకి హత్తుకున్నాడు. ఎవరో అమ్మాయి అతని చేతిలో గులాబీలు పెట్టింది.

అవతలి ఒడ్డు నుంచి చూస్తున్న తెక్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, పన్నెండు!"

మూడో రోజుకి జ్వరం. ఆరో రోజుకి ఊపిరి ఈలలా వచ్చింది. జిల్లా డాక్టరు వచ్చి చూసి, ఇంక కదపొద్దన్నాడు. డ్వైట్ రోజూ వచ్చి మంచం పక్క మోకాళ్ళూని ప్రార్థించి, వెళ్తూ వెళ్తూ బకెట్లు నింపి వెళ్ళేవాడు. తొమ్మిదో రోజు పొద్దున త్రోఫిమ్ కళ్ళు తెరిచి భార్య చెయ్యి వెతుక్కున్నాడు. ప్రభువు గురించి ఏదో అంటాడని ఆమె చెవి దగ్గర పెట్టింది.

"పిల్ల పక్కన" అన్నాడు. మధ్యాహ్నానికి పోయాడు.

మర్నాడు ఉదయం గొయ్యి తవ్వడానికి సంఘంలో ముగ్గురు మగవాళ్ళు వెళితే శ్మశానం గేటు దగ్గర ఊరి ఆడవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఒక నలభైమంది. అరుపులు లేవు. కొందరు ఇంటి నుంచి స్టూళ్ళు కూడా తెచ్చుకున్నారు. తెక్లా కూడా అందులో ఉంది. ఆక్సేనియా కళ్ళలోకి చూడలేక శాలువా కొస పీకుతూ నిలబడింది.

మేయరుని పిలిపించారు. డ్వైట్ చట్టం కాగితం చేతిలో పట్టుకుని ఉన్నాడు. ఇలారియోన్ అటూ ఇటూ తర్జుమా చేస్తున్నాడు.

"చట్టం మీ వైపే సార్, నేను కాదన్నానా?" అన్నాడు మేయరు చెమట తుడుచుకుంటూ. "కానీ ఆ గేటుకి అడ్డంగా స్టూలేసుకుని కూర్చుంది మా అమ్మ. ఆవిడకి చట్టం మీరు చదివి వినిపిస్తారా?"

"పోలీసులు?"

"పోలీసు వాళ్ళమ్మ ఆ పక్క స్టూలు."

ఇలారియోన్ అది తర్జుమా చెయ్యలేదు. "వేరే చోటు చూద్దాం సిస్టర్" అన్నాడు మెల్లగా. "జిల్లా పట్నంలో మన విశ్వాసుల స్థలం ఉంది. ప్రభువు వచ్చే రోజున ఎక్కడున్నా లేపుతాడు. ఏ మట్టయితే ఏం?"

ఆమెకి ఆ సంగతి తెలుసు. తనే ఎంతోమందికి చెప్పింది. శవపేటిక బండి మీద చలిలో ఎదురుచూస్తోంది. ఆమె కళ్ళు గేటు అవతల, ఐదో వరుసలో కనబడుతున్న నీలం సిలువ మీద ఉన్నాయి.

అప్పుడు ఫాదర్ నికిఫోర్ వచ్చాడు. ముసలాయన, కర్ర ఊతంతో వచ్చేసరికి ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. ఆయన ఆక్సేనియాని పక్కకి పిలవలేదు. అందరి ముందే, మెత్తటి గొంతుతో అడిగాడు.

"అమ్మా ఆక్సేనియా, నాకూ కట్టుబాట్లున్నాయి. ఒక్కటే అడుగుతాను. పోయే ముందు త్రోఫిమ్ ఆ నీళ్ళకి పశ్చాత్తాపపడి, మన సిలువ అడిగాడా? అడిగాడంటే, నేనే చదివి మట్టి చేస్తాను. పిల్ల పక్కనే."

ఇలారియోన్ "సిస్టర్..." అని ఆగిపోయాడు. డ్వైట్‌కి ఏం జరుగుతోందో అర్థం కాక ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూస్తున్నాడు.

నీళ్ళలోంచి వస్తున్నప్పటి త్రోఫిమ్ మొహం ఆమెకి కనబడింది. అరుగు మీద "మాటేనా?" అని అడిగిన మొహమూ కనబడింది.

"అడిగాడు ఫాదర్" అంది ఆక్సేనియా.

ముసలాయన ఆమెను చాలాసేపు చూశాడు. ఆయన నమ్మలేదని ఆమెకి తెలిసింది. తెలిసినట్టు ఆయనకీ తెలిసింది. చిన్నగా తల ఊపి, గేటు వైపు తిరిగి, "తియ్యండమ్మా" అన్నాడు.

ఆ తర్వాత అన్నీ వాటంతట అవే జరిగిపోయాయి. గంట మోగింది. స్టూళ్ళ మీద కూర్చున్న ఆడవాళ్ళే ఇళ్ళకి పరిగెత్తి కొవ్వొత్తులు, రొట్టెలు, శవం వెళ్ళే దారి మలుపుల్లో పరిచే తువ్వాళ్ళు తెచ్చారు. మేయరు వాళ్ళమ్మ అందరికంటే గట్టిగా ఏడ్చింది. ల్యూబాకి కుడిపక్కన, అతను కొలిచి పెట్టుకున్న చోట, కాళ్ళు ఎక్కడా తగలకుండా దించారు. సంఘంవాళ్ళు పాటల పుస్తకాలు చంకలో పెట్టుకుని రోడ్డు మీదే ఉండిపోయారు.

ఫాదర్ సిలువ ముద్దుపెట్టుకోమని చాచినప్పుడు ఆమె ముద్దుపెట్టుకుంది. చల్లటి ఇత్తడి.

రెండ్రోజుల తర్వాత, బయల్దేరే ఉదయం డ్వైట్ ఆమె పెరట్లోకి వచ్చాడు. బాప్తిస్మం ముందు ఆగస్టుకే అనుకున్న సంగతి ఇలారియోన్ ఆయనకి అప్పుడే చెప్పాడట. "నాకెవ్వరూ చెప్పలేదు" అన్నాడు డ్వైట్, ఇలారియోన్ తర్జుమాతో. "వద్దు, ఆగస్టులోనే చేస్తున్నాం అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది కదమ్మా."

"చుట్టాలొస్తామంటే వద్దంటారా అయ్యా ఎవరైనా?" అంది ఆక్సేనియా.

డ్వైట్ టోపీ చేతిలో నలుపుతూ నిలబడి, తర్వాత బావి దగ్గరికి వెళ్ళి రెండు బకెట్లూ నింపి తెచ్చి గుమ్మంలో పెట్టాడు. అవి అప్పటికే నిండుగా ఉన్నాయి, పారబోసి మరీ నింపాడు.

నవంబరులో సంఘం కూడింది. అందరి ఎదుట అబద్ధమాడి, ఒక విశ్వాసి సాక్ష్యాన్ని చెరిపేసిందని ఆమెను బల్లకి దూరంగా పెట్టారు. చెయ్యెత్తినవాళ్ళలో కొందరు ఏడుస్తూనే ఎత్తారు. ఇలారియోన్ బయటికొచ్చి చాలాసేపు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆమె మందిరం తాళం తిరిగివ్వబోతే, "అది నీ దగ్గరే ఉండనీ సిస్టర్" అన్నాడు.

అటు ఊరివాళ్ళు, తమలోకి వచ్చేసిందనుకుని గంట కొట్టగానే ఎదురుచూశారు. ఆమె పాత చర్చికీ వెళ్ళలేదు. దాంతో అటూ పలకరింపులు తగ్గాయి. తెక్లా మాత్రం ఏటా సమాధుల పండగ రోజున చుట్టలు తిప్పిన రొట్టె తెచ్చి కంచె మీంచి చాపుతుంది. "త్రోఫిమ్ అన్న పేరునే. తీసుకో. ఆ రోజు గేటు దగ్గర నేనూ..." అని ఆగిపోతుంది. చనిపోయినవాళ్ళ పేరున ఇచ్చేది సంఘంవాళ్ళు తీసుకోరు. ఆక్సేనియా తీసుకుంటుంది. ఒక్కతే తినలేక, సగం తెక్లాకే తిరిగి ఇస్తుంది.

ఈ అక్టోబరులో డ్వైట్ మళ్ళీ వచ్చాడు. ఇప్పుడు బాప్తిస్మాలు ఆగస్టులోనే అయిపోతున్నాయి, తమ కోసం ఆగొద్దని ఆయనే రాశాడు. ఆగస్టులో మునిగిన ఐదుగురికీ ఈ రాకలో పూలు తెచ్చారు. నాలుగేళ్ళలో కాస్త భాష నేర్చుకున్నాడు గానీ, పూల లెక్క ఇప్పటికీ ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఆక్సేనియా వంటింట్లో ఐదు కట్టల్లోంచి ఐదు పూలు లాగి, నీళ్ళ గిన్నెలో దాచింది.

ప్రభువు బల్లకి ముందు, ఎప్పటిలాగే, ఇలారియోన్ ఆఖరి బెంచీ దగ్గరికి వచ్చి వంగాడు. ఆయన జుట్టూ నెరిసింది.

"ఈసారి సిద్ధమేనా సిస్టర్? ఒక్క మాట. అందరూ దాని కోసమే చూస్తున్నారు."

"అబద్ధమాడటం తప్పే అయ్యగారూ. అది రోజూ ప్రభువుకి చెప్పుకుంటున్నాను. కానీ ఆయన్ని అక్కడ పెట్టినందుకు బాధపడుతున్నానని మీ అందరి ముందూ అనాలిగా?"

"అనాలి. రెండూ ఒకటే పని."

"ఆ బాధ నాకు రావట్లేదు. రాకుండా వచ్చిందని ఎలా చెప్పను? ఒకసారి అబద్ధమాడాను. మళ్ళీ ఆడలేను."

ఇలారియోన్ ఆమె భుజం మీద చెయ్యి వేసి, ముందుకి వెళ్ళిపోయాడు. పాట మొదలైంది. డ్వైట్ ముందు వరుసలోంచి లేచి, అంత శరీరాన్నీ ఇరుకు దారిలో నెట్టుకుంటూ వచ్చి, ఆమె పక్కన కూర్చున్నాడు. బెంచీ కిర్రుమంది. రొట్టె పళ్ళెం ముందు బెంచీ దాకా వచ్చింది. తెచ్చినాయన డ్వైట్‌ని చూసి తడబడి చాపబోయాడు. డ్వైట్ తల అడ్డంగా ఊపాడు. పళ్ళెం వెనక్కి తిరిగింది. ఇద్దరూ చేతుల వైపు చూసుకుంటూ కూర్చున్నారు.

మధ్యాహ్నం అంట్లు తోమడం అయ్యాక ఆక్సేనియా పూలు తీసుకుని శ్మశానానికి వెళ్ళింది. గేటు తెరిచే ఉంది. ల్యూబాకి రెండు పెట్టింది. త్రోఫిమ్‌కి రెండు. ఒకటి మిగిలింది.

కటకటాల లోపల మూడో చోట గడ్డి మోకాలెత్తు పెరిగింది. ఆమె కూర్చుని దాన్ని వేళ్ళతో సహా పీకింది. ఫాదర్ నికిఫోర్ పోయిన చలికాలం పోయాడు. కొత్తాయన కుర్రవాడు, గట్టివాడంటున్నారు. రేపు ఈ గేటు దగ్గర తన పేటిక ఆగినప్పుడు, తన గురించి ఎవరు ఏం అడుగుతారో, దానికి ఎవరు ఏం చెప్పాలో ఆమెకి తెలియదు. చెప్పడానికి ఇంట్లో ఎవరూ మిగల్లేదు. తెక్లా ఉంది గానీ, తెక్లాని అబద్ధమాడమని అడగడం ఆమెకి ఇష్టం లేదు.

నేల చదును చేసి, అరచేత్తో తట్టింది. మిగిలిన పువ్వు అక్కడ పెట్టకుండా ఇంటికి తెచ్చుకుని గ్లాసులో వేసుకుంది. తర్వాత, వచ్చే ఆదివారానికని, బుట్ట నిండా మొక్కజొన్న కండెలు ఏరి మందిరం గుమ్మం లోపల పెట్టి తాళం వేసింది.